తెలుగు నాట పెళ్లి, విడాకులు: మారుతూ వచ్చిన తీరు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెళ్లి నేటికీ దాదాపు అందరూ చేసుకునేదే. నడివయసు దాకా పెళ్లి లేకుండా ఉండిపోయేవాళ్లు ఇప్పటికీ కొద్దిమందే. గత నాలుగైదు దశాబ్దాల్లో మారినవి వేరే ఉన్నాయి: పెళ్లి వయసు, సంబంధం కుదిరే దారి, ఇచ్చిపుచ్చుకోళ్లు, పెళ్లి విషయంలో అమ్మాయి మాటకున్న విలువ, కాపురం నిలవనప్పుడు బయటపడే మార్గం. విడాకులు పెరిగిపోయాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. కోర్టు మెట్లెక్కే జంటలు పెరిగిన మాట నిజమే. అయితే కాపురాలు చెడడం తెలుగు సమాజానికి ఎన్నడూ కొత్త కాదు. చెడిన కాపురానికి చట్టం చేత ముగింపు పలికించుకోవడమే కొత్త.

పూర్వపు వాడుకలు

19వ శతాబ్దం చివర కోస్తా జిల్లాల బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లకు ఈడేరక ముందే పెళ్లి చేయడం, డబ్బు పుచ్చుకుని ముసలి వరుడికి పిల్లనివ్వడం, బాలవితంతువును జీవితాంతం అలాగే ఉంచేయడం మామూలుగా సాగేవి. వితంతువుల పెళ్లికి 1856లోనే చట్టం ఒప్పుకున్నా, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు 11 వచ్చింది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో రంగస్థలం ఎక్కింది. సంస్కరణ చరిత్రంతా ఈ కుటుంబాల చుట్టూనే నడిచినందువల్ల, ఒకప్పటి తెలుగువాళ్ల పెళ్లిళ్లన్నీ ఇలాగే ఉండేవన్న అభిప్రాయం పాతుకుపోయింది. అది సరైనది కాదు.

వ్యవసాయ, చేతివృత్తి, దళిత కులాల్లోనూ గిరిజనుల్లోనూ చాలాచోట్ల మగపెళ్లివారే ఆడపిల్లవారికి ఓలి ఇచ్చుకునేవారు. మొగుడు పోయినా, కాపురం పొసగకపోయినా ఆడమనిషి మారుమనువుకు వెళ్లడం తప్పు కాదు. తెగతెంపులు కులపెద్దల ముందు జరిగేవి. తప్పు ఎవరిది, ఓలి సొమ్ము తిరిగి ఎంత ఇవ్వాలి, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి అన్నవి అక్కడే తేలేవి. 1955 హిందూ వివాహ చట్టం కూడా 29వ సెక్షన్‌లో ఈ ఆచారబద్ధమైన విడాకులను నిలిపి ఉంచింది. కాకపోతే అలాంటి ఆచారం తమ కులంలో ఉన్నదని చెప్పేవారే కోర్టులో రుజువు చేయాలి. మగపిల్లలు లేని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే పద్ధతిని మద్రాసు హైకోర్టు చాలాకాలం కిందటే గుర్తించింది.

20వ శతాబ్దంలో భూమి, చదువు, సర్కారు కొలువు సంపాదించుకున్న కులాలు పైకులాల మర్యాదల వైపు మొగ్గాయి. ఓలి పోయి కట్నం వచ్చింది. మారుమనువు నామోషీ అయింది. ఈ సంగతి గమనించకపోతే తర్వాతి చరిత్ర అర్థం కాదు. పెళ్లి విషయంలో తెలుగు స్త్రీకి ఉన్న వెసులుబాటు మెట్టుమెట్టుగా పెరుగుతూ రాలేదు. చాలా కులాల్లో అది ముందు తగ్గింది, ఆ తర్వాత చట్టం రూపంలో కొంత తిరిగి వచ్చింది.

ఇదే కాలంలో ఎదురుగాలి కూడా వీచింది. త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుడి అవసరం లేకుండా తెలుగులో పెళ్లి జరిపే పద్ధతిని రూపొందించారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా, ఆయన సహచరులు కులాంతర వివాహాలను ఉద్యమంగా చేపట్టారు. కమ్యూనిస్టు కార్యకర్తల ఇళ్లలో దండల పెళ్లిళ్లు మొదలయ్యాయి: వేదిక మీద రెండు దండలు, ఒక ప్రమాణం, నాలుగు ఉపన్యాసాలు. సంఖ్యలో ఇవి కొద్దివే అయినా, కట్నం లేకుండా, కులం చూడకుండా పెళ్లి చేసుకోవచ్చన్న నమ్మకాన్ని రెండు మూడు తరాలకు అందించాయి.

పెళ్లి వయసు

బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1న అమలైంది. అప్పట్లో అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్లు చాలు. 1978 సవరణ వీటిని 18, 21కి పెంచింది. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. అమ్మాయిల వయసును కూడా 21కి పెంచే బిల్లును 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు గాని, సభ రద్దుతో అది మురిగిపోయింది.

చట్టం కన్నా వేగంగా పనిచేసింది బడి. ఊళ్లో హైస్కూలు, పక్క ఊళ్లో జూనియర్ కాలేజీ, బస్సు పాస్, సంక్షేమ హాస్టల్, ఇవన్నీ అందుబాటులోకి వచ్చిన మేరకు పెళ్లి వెనక్కి జరిగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా 18 నిండకముందే పెళ్లయినవాళ్లు. 2019–21 నాటికి ఆ వాటా ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతానికి, తెలంగాణలో 23.5 శాతానికి దిగింది. తగ్గుదల పెద్దదే. అయినా దేశ సగటు 23.3 శాతమన్న సంగతి చూస్తే, ఆదాయంలో ముందున్నామనుకునే రాష్ట్రాలకు ఇది గర్వించదగ్గ అంకె కాదు. పదో తరగతి అయ్యాక చదువు ఆగిపోయిన ఆడపిల్లకు ‘మంచి సంబంధం’ రాగానే పెళ్లి చేసేయడం పల్లెల్లో ఇప్పటికీ సాగుతోంది.

ఈ కోణంలో కొన్ని ప్రభుత్వ పథకాలు పనికొచ్చాయి. తెలంగాణలో 2014 అక్టోబరు 2న మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు పేదింటి పెళ్లికి మొదట 51,000 రూపాయలు ఇచ్చాయి. ఆ మొత్తం తర్వాత 75,116కి, 2018లో 1,00,116కి పెరిగింది. అమ్మాయికి 18 నిండాలన్నది షరతు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో అమలైన కల్యాణమస్తు పథకం వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన పెట్టింది. పెళ్లి ఖర్చుకు సర్కారు డబ్బివ్వడం మీద భిన్నాభిప్రాయాలు ఉన్నా, చదువుతో ముడిపెట్టిన ఈ నిబంధన ఆలోచించి పెట్టినది.

హైదరాబాద్ పాతబస్తీది వేరే కథ. గల్ఫ్ దేశాల నుంచి వచ్చిన వృద్ధులు డబ్బిచ్చి బాలికలను నిఖా చేసుకుపోవడం 1991లో దేశం దృష్టికి వచ్చింది. విమానంలో ఏడుస్తున్న ఒక బాలికను ఎయిర్ హోస్టెస్ గుర్తించి పోలీసులకు చెప్పడంతో ఆ దళారుల వ్యాపారం బయటపడింది. అరెస్టులు ఆ తర్వాతి దశాబ్దాల్లోనూ జరుగుతూనే వచ్చాయి.

సంబంధం కుదిరే దారి

దక్షిణాదికి ప్రత్యేకమైన మేనరికం తెలుగు పెళ్లిళ్లకు చాలాకాలం వెన్నెముకగా నిలిచింది. మేనమామకు గాని, మేనత్త కొడుక్కి గాని పిల్లనివ్వడంలో కుటుంబాలకు రెండు భరోసాలు ఉండేవి: ఆస్తి బయటికి పోదు, అత్తవారింట పిల్ల పరాయిది కాదు. హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే జరిగినట్టు తేలింది. దేశ సగటు సుమారు 11 శాతం. అయితే మేనరికానికి కాలం తీరుతోంది. పుట్టబోయే బిడ్డలకు జన్యులోపాలు వస్తాయని డాక్టర్లు చెప్పడం ఒక కారణం. దానికన్నా బలమైనది జనాభా లెక్క. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో స్త్రీకి సగటున ఇద్దరి కన్నా తక్కువమంది పిల్లలు పుడుతున్నారు. ఒక అక్క, ఒక తమ్ముడు ఉన్న ఇంట్లో ఈడైన మేనబావ, మేనమరదలు దొరకడమే అరుదు.

మేనరికం తగ్గిన చోట సంబంధాలు వెతకడం పెద్ద పనైంది. పెళ్లిళ్ల పేరయ్యల స్థానంలోకి 1980ల నుంచి పత్రికల్లో వధూవరుల ప్రకటనలు, కులాలవారీ పరిచయ వేదికలు, మ్యారేజ్ బ్యూరోలు వచ్చాయి. 2000 తర్వాత మ్యాట్రిమొనీ వెబ్‌సైట్లు, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులు చేరాయి. సాధనం మారినా వడపోత పెద్దగా మారలేదు. వెబ్‌సైట్‌లో మొదట అడిగేది కులం, శాఖ, గోత్రం, నక్షత్రం. గతంలో పెద్దలు నోటితో అడిగినవే ఇప్పుడు తెర మీద గళ్లుగా ఉన్నాయి. మారింది ఒక్కటే, అది చిన్నది కాదు: పెళ్లిచూపుల తర్వాత అబ్బాయి, అమ్మాయి వారాల తరబడి ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు, వద్దనుకుంటే వద్దంటున్నారు. పూర్తిగా పెద్దలు కుదిర్చినదీ కాని, పూర్తిగా ప్రేమపెళ్లీ కాని ఈ నడిమి రకమే నేడు పట్టణ మధ్యతరగతిలో బాగా కనిపిస్తుంది.

కోరికల జాబితా కూడా తిరగబడింది. చదువుకున్న అమ్మాయిలు పెరగడం, చాలా కులాల్లో ఈడైన అమ్మాయిల సంఖ్య తగ్గడం, అందరి చూపూ ఉద్యోగస్థుల మీదే ఉండడం వల్ల పొలం చేసుకునే అబ్బాయికి పిల్ల దొరకడం కష్టమైంది. నాలుగైదు ఎకరాల మాగాణి ఉన్నా ముప్పై ఐదేళ్లు దాటి పెళ్లికాని రైతుబిడ్డలు గోదావరి జిల్లాల్లోనూ తెలంగాణ పల్లెల్లోనూ కనిపిస్తారు. ఒకప్పుడు ఆడపిల్లను ‘గుండెల మీద కుంపటి’ అన్న సమాజంలో ఇది పెద్ద మార్పు.

కులాంతర వివాహాలకు చట్టం అడ్డు లేదు. హిందూ వివాహ చట్టం వాటిని పూర్తిగా ఒప్పుకుంటుంది. మతాంతర వివాహాలకు 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. కానీ ఆ చట్టం కింద 30 రోజుల ముందుగా ఇవ్వాల్సిన నోటీసును రిజిస్ట్రారు కార్యాలయంలో అంటించడంతో, ఇంట్లో తెలియకుండా పెళ్లి చేసుకోదలచిన జంటలకు అదే ప్రమాదంగా మారుతోంది. అందుకే చాలామంది ఆర్యసమాజ్ పెళ్లి చేసుకుని, రక్షణ కోసం నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళుతున్నారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి చంపించిన ఘటన తెలుగు సమాజాన్ని కుదిపేసింది. పరువు హత్యల నివారణకు ప్రతి రాష్ట్రం ఏమేం చేయాలో సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చిలో చెప్పి ఉంది. చెప్పినవన్నీ చేసి ఉంటే ఆ హత్య ఆగేదేమో.

కట్నం, పెళ్లి ఖర్చు

కట్నం నిషేధంలో ఆంధ్రప్రదేశ్ దేశం కన్నా ముందే కదిలింది. రాష్ట్ర చట్టం 1958లో, కేంద్ర చట్టం 1961లో వచ్చాయి. రెండూ కట్నాన్ని ఆపలేకపోయాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పంట మిగులు, దానికి తోడు డాక్టర్, ఇంజినీర్ చదువులు కలిసి వరుడికి ధర కట్టాయి. పసుపు కుంకుమ కింద పొలం, ఇంటి స్థలం, బంగారం. ఆడపడుచు కట్నం, పెళ్లికొడుక్కి లాంఛనాలు, ఇలా పద్దులు పెరిగాయి. 1990ల తర్వాత ఐటీ ఉద్యోగం, అమెరికా వీసా ఆ ధరను మరింత పెంచాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో కట్నమన్న మాటే వాడరు. ‘అమ్మాయికి ఏం పెడుతున్నారు’ అని అడుగుతారు.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లో చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు అది వర్తించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. చట్టం ఇంత ముందున్నా, కట్నం ఇచ్చాం కాబట్టి వాటా అడగవద్దని కూతురి చేత సంతకం పెట్టించుకోవడం ఆగలేదు. కట్నం మగవాడి ఇంటికి చేరుతుంది, వాటా ఆమె పేరున ఉంటుంది. కాపురం చెడిన రోజున ఈ రెండింటి మధ్య తేడా ఎంతటిదో ఆమెకు తెలుస్తుంది.

పెళ్లి తంతు కుదించుకుపోయి ఖర్చు విస్తరించింది. ఐదు రోజుల పెళ్లి ఒక పూటకు దిగింది. ఇంటి ముందు తాటాకు పందిరి పోయి ఫంక్షన్ హాలు, బంతి భోజనం పోయి క్యాటరింగ్ వచ్చాయి. ఉత్తరాది నుంచి మెహందీ, సంగీత్, హల్దీ వచ్చి చేరాయి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం మాత్రం అలాగే నిలిచాయి.

చట్టం తెరిచిన దారి

హిందువులకు చట్టబద్ధమైన విడాకులు తెలుగు ప్రాంతమంతటికీ ఒకేసారి రాలేదు. మద్రాసు రాష్ట్రం 1949లో బహుభార్యాత్వాన్ని నిషేధించి విడాకులకు వీలిచ్చే చట్టం చేసింది. అప్పుడు ఆ రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించింది. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలకు 1955 హిందూ వివాహ చట్టంతో ఆ దారి తెరుచుకుంది.

1955 చట్టంలో విడాకుల తలుపు ఇరుకైనది. హింస పెట్టడం, వదిలేసి పోవడం విడివిడిగా ఉండే ఉత్తర్వుకే కారణాలు, విడాకులకు కావు. 1976 సవరణ ఈ రెండింటినీ విడాకుల కారణాల్లో చేర్చింది. అంతకన్నా ముఖ్యంగా 13–బి సెక్షన్ తెచ్చింది: ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు పరస్పర అంగీకారంతో విడిపోవచ్చు. మొదటిసారి అర్జీ పెట్టాక ఆరు నెలలు ఆగి మళ్లీ కోర్టుకు రావాలి. కలిసే ఆశ లేనప్పుడు ఆ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి మీదా నింద మోపకుండా పెళ్లిని ముగించుకునే ఈ దారి లేకపోతే పట్టణ ప్రాంతాల విడాకులు నేటి రూపంలో ఉండేవి కావు.

తెలుగు నేల నుంచి వెళ్లిన కొన్ని కేసులు దేశ చట్టాన్నే ప్రభావితం చేశాయి. వాటిలో సరిత కేసు ప్రసిద్ధం. కాపురానికి రమ్మని భార్యను ఆదేశించాలంటూ భర్త కడప కోర్టుకు వెళ్లాడు. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆమె దేహం మీద ఆమెకున్న హక్కును హరిస్తుందని, కాబట్టి రాజ్యాంగ విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. సెక్షన్ ఇంకా ఉంది. కానీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తేలాక చౌదరి తీర్పును న్యాయవాదులు మళ్లీ చదువుతున్నారు, న్యాయంగానే.

కోలుకోలేనంతగా విరిగిన వివాహం అన్నది నేటికీ చట్టంలో విడాకులకు కారణం కాదు. దాన్ని చేర్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది గాని చట్టం కాలేదు. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తానే అలాంటి పెళ్లిని రద్దు చేయగలనని 2023 మే 1న సుప్రీంకోర్టు ప్రకటించింది. ఢిల్లీ దాకా వెళ్లగలిగినవాళ్లకే ఇది అందుతుంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో పదేళ్లుగా విడిగా బతుకుతున్న మనిషికి, ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే, తప్పు రుజువు చేయడం తప్ప వేరే గతి లేదు.

క్రైస్తవులకు 1869 నాటి చట్టం వర్తిస్తుంది. మొదట దాని కింద భర్త, భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే సరిపోయేది. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు హింసో, వదిలేయడమో కూడా చూపాల్సి వచ్చేది. 2001 సవరణ ఈ వివక్షను తీసేసి, పరస్పర అంగీకార విడాకులను తెచ్చింది. ఒకే ఇంట్లో బొట్టు, బైబిలు రెండూ ఉండే కుటుంబాలు తెలుగు జిల్లాల్లో కొల్లలు. అలాంటి చోట ఏ చట్టం కింద పెళ్లి జరిగిందన్నది పెద్ద చిక్కు. క్రైస్తవుడితో గుడిలో తాళి కట్టించుకున్న హిందూ స్త్రీ పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని 2008లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మతాంతర వివాహం చేసుకునే ప్రతి జంటా ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ముస్లిం స్త్రీలు 1939 చట్టం కింద కోర్టులో విడాకులు కోరవచ్చు. ఒకేసారి చెప్పే ముమ్మారు తలాక్ చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2019లో అది నేరమైంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 కింద భరణం అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచే వెళ్లింది. భార్య కోరే ఖులాకు భర్త ఒప్పుకోలు అక్కర్లేదని 2025లో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది.

స్టేషన్, పంచాయితీ, ఫ్యామిలీ కోర్టు

భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498–ఎ సెక్షన్ 1983లో భారత శిక్షాస్మృతిలోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరం చేసింది 1986లో. 2006 అక్టోబరులో గృహహింస చట్టం అమలైంది. జైలు శిక్ష కన్నా నివసించే హక్కు, రక్షణ, ఖర్చులు ఇప్పించడం ఈ చట్టం ఉద్దేశం.

498–ఎ దుర్వినియోగం అవుతోందన్న వాదన బలంగా ఉంది. అరెస్టులు యాంత్రికంగా చేయరాదని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. తప్పుడు ఫిర్యాదు పెట్టడం మానసిక క్రూరత్వమేనని, అది విడాకులకు కారణం కాగలదని 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. రాజీకి అవకాశం ఉన్న తగాదాలను మధ్యవర్తిత్వానికి పంపమంది. మరో పక్క, 2019–21 సర్వేలో పెళ్లయిన స్త్రీలలో తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతి హింసను ఎదుర్కొన్నామని చెప్పారు. వీరిలో స్టేషన్ గడప తొక్కేవాళ్లు చాలా తక్కువ. దుర్వినియోగం గురించి ఎంత మాట్లాడినా ఈ అంకెను పక్కన పెట్టుకునే మాట్లాడాలి.

ఆచరణలో తగాదా ముందు కుటుంబ పెద్దల దగ్గరికి, తర్వాత ఊరి పెద్దమనుషుల పంచాయితీకి, ఆ తర్వాత మహిళా పోలీస్ స్టేషన్ కౌన్సెలింగ్‌కు, చివరికి ఫ్యామిలీ కోర్టుకు పోతుంది. ఫ్యామిలీ కోర్టులు 1984 చట్టం కింద ఏర్పడ్డాయి. విడాకుల కేసు, భరణం కేసు, గృహహింస కేసు, క్రిమినల్ కేసు వేర్వేరు కోర్టుల్లో ఏకకాలంలో నడవడం మామూలు. చాలా కేసుల్లో చివరికి అన్నింటినీ కలిపి ఒక మొత్తం మాట్లాడుకుని, పరస్పర అంగీకారంతో ముగిస్తారు. అంగీకార విడాకులుగా లెక్కకెక్కినవన్నీ ప్రశాంతంగా జరిగినవని అనుకోకూడదు.

కాపురాలు ఎందుకు విడుతున్నాయి

స్త్రీల చదువు, సంపాదన విడాకులకు కారణమని సులువుగా అంటారు. ఇందులో సగం నిజం ఉంది. జీతం కాపురాన్ని చెడగొట్టదు. చెడిన కాపురంలో ఉండక తప్పని స్థితిని తొలగిస్తుంది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే భార్య నుంచి పాత కోడలి పనులన్నీ ఆశించడం, ఆమె జీతం ఎవరి చేతిలో ఉండాలన్న తగువు, పుట్టింటికి డబ్బు పంపితే వచ్చే మాటలు, రెండు ఊళ్లలో ఉద్యోగాలు, రాత్రి షిఫ్టులు ఈ వర్గంలో తరచుగా వినిపించే కారణాలు. మరో మార్పు తల్లిదండ్రులది. ‘చచ్చినా అక్కడే’ అని కూతుర్ని వెనక్కి పంపిన తరం పోయి, ‘వచ్చేయమ్మా’ అనే తరం వచ్చింది. ఒకరో ఇద్దరో పిల్లలున్న ఇళ్లలో ఇది మరింత స్పష్టం. విడాకులు పెరగడానికి చెప్పుకునే కారణాల్లో దీన్ని చాలామంది మర్చిపోతారు.

పల్లెల్లోనూ బస్తీల్లోనూ మొదటి కారణం తాగుడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం నిజానికి కాపురాల కోసం స్త్రీలు చేసిన పోరాటమే. అది 1995లో మద్యనిషేధానికి దారితీసింది, 1997లో ఆ నిషేధం సడలిపోయింది. పిల్లలు పుట్టకపోవడం, వరుసగా ఆడపిల్లలే పుట్టడం, రెండో స్త్రీ, వలస, ఇవి మిగతావి.

ప్రవాసం

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు వెళితే, గోదావరి, కడప జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. ఏళ్ల తరబడి ఫోన్ మీద నడిచే ఈ కాపురాలు అప్పు తీర్చడానికి మొదలై, తీరేలోపు చెడిన సందర్భాలు ఉన్నాయి.

అమెరికా సంబంధాల తీరు వేరు. 1990ల చివరి నుంచి సెలవుల్లో వచ్చిన అబ్బాయికి రెండు వారాల్లో పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి ముగించి పంపడం ఆనవాయితీ అయింది. హెచ్–4 వీసా మీద వెళ్లిన భార్యకు 2015 మే దాకా అక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరితేనే అనుమతి. ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి బ్యాంకు ఖాతా, డ్రైవింగ్, వీసా అన్నింటికీ ఒక్కడి మీదే ఆధారపడిన స్థితిలో హింస మొదలైతే తప్పించుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

అక్కడి కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్న ప్రశ్నకు జవాబు కూడా తెలుగు కేసులోనే దొరికింది. తిరుపతిలో పెళ్లి చేసుకున్న భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లాడాడు. పెళ్లి జరిగిన చట్టంలో లేని కారణం మీద, భార్య స్వచ్ఛందంగా లోబడని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పిల్లల విషయంలో ఇలాంటి స్పష్టత లేదు. ఒక దేశం నుంచి మరో దేశానికి పిల్లలను తీసుకుపోవడం మీద 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. విడాకుల తర్వాత బిడ్డతో హైదరాబాద్ చేరిన తల్లులు విదేశీ కోర్టు ఉత్తర్వుకూ ఇక్కడి కోర్టు విచారణకూ మధ్య నలుగుతున్నారు.

మలిపెళ్లి, పెళ్లి లేని సహజీవనం

విడాకులు తీసుకున్నవారి కోసం మ్యాట్రిమొనీ వెబ్‌సైట్లలో విడి విభాగాలు వచ్చాయి. మగవాడికి మలిపెళ్లి త్వరగా అవుతుంది. బిడ్డ ఉన్న స్త్రీకి ఇప్పటికీ కష్టమే. ఒంటరి వృద్ధుల తోడు కోసం 2010లో హైదరాబాద్‌లో ‘తోడు నీడ’ సంస్థ మొదలైంది. అరవై దాటిన తల్లికో తండ్రికో పిల్లలే దగ్గరుండి పెళ్లి చేయడం అప్పుడప్పుడు వార్తల్లో కనిపిస్తోంది. పెళ్లిలాంటి సహజీవనంలో ఉన్న స్త్రీకి గృహహింస చట్టం రక్షణ ఇస్తుంది. స్వలింగ వివాహాలను చట్టం గుర్తించాలని కోరిన కేసులో ప్రధాన పిటిషనర్లు హైదరాబాద్ జంటే. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ కోరికను ఒప్పుకోలేదు, చట్టం చేయడం పార్లమెంటు పని అంది.

లెక్కలు

2011 జనగణన మొదటిసారి విడాకులు పొందినవారిని, కోర్టు ప్రమేయం లేకుండా విడిపోయినవారిని వేర్వేరుగా లెక్కించింది. దేశంలో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు. ఉత్తర్వు లేకుండా విడిపోయి ఉంటున్నవారు దాదాపు 35 లక్షలు, అంటే రెండున్నర రెట్లకు పైగా. రెండు వర్గాల్లోనూ మగవాళ్ల కన్నా ఆడవాళ్లే సుమారు రెట్టింపు. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని ‘వివాహితులు’ అనే గడిలోకి వెళ్లిపోవడమే అందుకు కారణం.

ఈ 35 లక్షల్లో తెలుగు స్త్రీలు కూడా ఉన్నారు. కాపురానికి పోక, విడాకులు రాక, పుట్టింట్లో అన్నదమ్ముల పంచన ఉండిపోయినవాళ్లు వీళ్లు. భర్త చనిపోలేదు కాబట్టి వితంతు పింఛను రాదు. ఉత్తర్వు లేదు కాబట్టి మళ్లీ పెళ్లి చెల్లదు. ఒంటరి మహిళలకు తెలంగాణ 2017లో పింఛను మొదలుపెట్టడం ఈ లోటును కొంత పూడ్చింది. భరణానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో నెలకు 500 రూపాయలన్న పరిమితి 2001 దాకా ఉండేది. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. విడాకులు ఎన్ని పెరిగాయన్న చర్చ కన్నా, కాగితం లేకుండా విడిపోయిన ఈ స్త్రీలకు భరణం, ఆస్తి వాటా, మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు ఎంత త్వరగా అందుతున్నాయన్నదే పెద్ద ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదును 2002 చట్టమే తప్పనిసరి చేసింది. నమోదు చేయించుకోని పెళ్లిళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. భరణం కేసులో పెళ్లి జరిగిందని రుజువు చేయడమే స్త్రీకి మొదటి అడ్డంకి అవుతోంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు.